మినీ ట్రాక్టర్ వెనక టైరు ఇంట్లోనే ఎక్కించాం, ఒక పక్క బీడు కూర్చోవడం లేదు

దేవనహళ్ళి_తోట
నిన్నటి నుంచి దీంతోనే కుస్తీ. మాది ద్రాక్ష తోటలో రోటవేటర్ (మట్టిని గుల్ల చేసే తిరుగుడు కత్తుల పరికరం) తోలడానికి పెట్టుకున్న చిన్న ట్రాక్టర్, వెనక టైరు 8-18 సైజు, ట్యూబు రకం. పోయిన వారం రాతి కూసం మూల గీసుకుని కుడి టైరు పక్క గోడ చీలిపోయింది. ఊళ్ళో పంచర్ షాపులు బైకులు, కార్లు తప్ప ముట్టుకోవు. హైవే మీద లారీ టైర్లు చూసే అతను చక్రం విప్పి తెస్తే చూస్తానన్నాడు, వచ్చే వారం. సరే మనమే చేద్దామని కొత్త టైరూ ట్యూబూ తెచ్చి, రెండు లివర్లు పెట్టి నేనూ నాన్నా కలిసి ఎక్కించాం. గాలి కొడితే ఒక పక్క బీడు, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, ఠప్పుమని కూర్చుంది. రెండో పక్క మాత్రం వాల్వుకి ఎదురుగా జానెడు మేర లోపలికి దిగిపోయి ఉంది. రిమ్ము అంచు పక్కన టైరు చుట్టూ సన్నటి గీత ఉంటుంది కదా, అది మిగతా అంతా కనిపిస్తోంది, అక్కడ మాత్రం రిమ్ము కిందికి పోయింది. 38 పీఎస్‌ఐ దాకా కొట్టాను, కదల్లేదు. ఇంకో పది కొడితే వస్తుందా? రేపు సాయంత్రానికల్లా నేను బెంగళూరు మారతహళ్ళి వెళ్ళిపోవాలి, సోమవారం ఆఫీసు.

హైవే_మెకానిక్
కొట్టొద్దు. ముందు గాలి తీసెయ్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. టైరు మీదకి వంగి తియ్యకు, పక్కన నిలబడి చెయ్యి మాత్రం చాపి తియ్.

కోలారు_పిల్లోడు
మా మామ 50 దాకా కొట్టేవాడు, ఏమీ కాలేదు. బీడు కూర్చోవాలంటే ప్రెజర్ పడాల్సిందే కదా?

సీమ_రైతుబిడ్డ
'బీడు కూర్చోవడం లేదు' అని చూసి ఎవరి పొలమో తగాదాలో పడిందేమో అనుకుని లోపలికి వచ్చాను. మా అనంతపురం వైపు బీడు అంటే సాగు చెయ్యని నేల. వచ్చాను కాబట్టి చదివి పోతా, మా ఇంట్లోనూ చిన్న బండి ఉంది.

హైవే_మెకానిక్
@కోలారు_పిల్లోడు మీ మామకి ఏమీ కాలేదు, సంతోషం. హోస్కోట దగ్గర షెడ్డులో నేను 22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, అందరికీ అలా జరగలేదు. బీడు లోపల ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, టైరుని రిమ్ము మీద పట్టి ఉంచేది అదే. అది ఒక చోట ఇరుక్కుని ఉంటే నువ్వు కొట్టే గాలి భారమంతా ఆ ఒక్క చోటే పడుతుంది. తీగ తెగిందా, టైరు ఎగిరి ముఖాన కొడుతుంది. ట్రాక్టర్ టైర్లలో చాలా వాటికి పక్కనే రాసి ఉంటుంది, బీడు కూర్చోబెట్టడానికి 35 పీఎస్‌ఐ దాటొద్దని. కంటికి కనపడేలా పోత పోసి ఉంటుంది, ఎవరూ చదవరు. 35కి రాకపోతే 38కి, 48కి వస్తుందని కాదు, ఏదో అడ్డం ఉందని అర్థం. ఆ అడ్డం ఏమిటో చూడాలి. గాలి తీసి, ఆ బీడుని మళ్ళీ కిందికి దించి, సబ్బు నీళ్ళు పట్టించి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

లెక్కల_మాస్టారు
చిన్న లెక్క. ఆ టైరు బయటి వ్యాసం సుమారు 32 అంగుళాలు అనుకోండి, రిమ్ము 18. మధ్యలో మిగిలే పక్క గోడ వైశాల్యం దాదాపు 550 చదరపు అంగుళాలు. ఒక్కో చదరపు అంగుళం మీద 38 పౌండ్లు అంటే మొత్తం 20,900 పౌండ్లు. తొమ్మిది టన్నులకు పైనే. గోడ ఒక్కోవైపున అంత తోపు ఉంది, దాన్ని ఆపుతున్నది ఆ తీగలూ దారాలూ మాత్రమే. చేత్తో తడితే మెత్తగా ఉంది కదా అని చాలామంది ఆ పక్కనే కూర్చుని సుత్తితో కొడుతుంటారు. వద్దు.

దేవనహళ్ళి_తోట
అమ్మో. గాలి తీసేశాను, వాల్వు పిన్ను కూడా విప్పి పక్కన పెట్టాను. నాన్న ఇప్పటిదాకా దాని మీద కాలు పెట్టి తొక్కుతూనే ఉన్నారు, ఈ లెక్క చదివి వినిపిస్తే ఏమీ మాట్లాడకుండా వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు. ఒక మాట ఒప్పుకోవాలి, సబ్బు నీళ్ళు వాడలేదు. ఎక్కేటప్పుడు కొంచెం ఇంజిన్ ఆయిల్ పూశాం.

మల్బరీ_తోట
ఆయిల్ వద్దే వద్దు. గ్రీజూ వద్దు, డీజిలూ వద్దు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది, పైగా ఆయిల్ ఆరదు. సబ్బు నీళ్ళయితే ఆరిపోయి బీడు రిమ్ముని పట్టుకుంటుంది. ఆయిల్ పూస్తే రోటవేటర్ బరువుకి రిమ్ము తిరుగుతుంది కానీ టైరు వెనకబడుతుంది, అప్పుడు ట్యూబు వాల్వు వంకర తిరిగి మొదలు దగ్గర తెగుతుంది. మాకు అలానే ఒక ట్యూబు పోయింది. పాత బట్టతో ఆయిల్ అంతా తుడిచి, సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టండి. బట్టల సబ్బు బిళ్ళ సగం తురిమి గోరువెచ్చటి నీళ్ళలో కరిగిస్తే చాలు, గంజి కంటే కొంచెం పల్చగా ఉండాలి.

కోలారు_పిల్లోడు
@మల్బరీ_తోట అన్నా, గిన్నెలు తోమే లిక్విడ్ పనికిరాదా?

మల్బరీ_తోట
అన్న కాదు, అక్క. శిడ్లఘట్ట దగ్గర మాది మూడెకరాల మల్బరీ, మా బండి టైర్లు నేనే మారుస్తాను. గిన్నెల లిక్విడ్ అవసరానికి పనిచేస్తుంది కానీ కొన్నింటిలో ఉప్పు శాతం ఎక్కువ, ఇనుము తుప్పు పడుతుంది. వాడితే పని అయ్యాక పైన మంచినీళ్ళు పోసి తుడిచెయ్. షాపుల్లో టైర్లకే వాడే సబ్బు పేస్టు దొరుకుతుంది, అదైతే ఏ గొడవా లేదు.

కోలారు_పిల్లోడు
సారీ అక్కా.

టిల్లర్_బాబాయ్
తమ్ముడూ, రిమ్ము చూశావా? బీడు కూర్చునే గట్టు మీద తుప్పు పొరలు ఉంటే సబ్బు పోసినా, ఏం పోసినా అక్కడ ఆగిపోతుంది. తోటల్లో మందు కొట్టే నీళ్ళు, ఎరువు తడి అంతా రిమ్ములోకి దిగుతాయి, పాత టైరు కింద పదేళ్ళు ఎవరూ చూడరు. కొత్త టైరు బీడు బిగుతుగా ఉంటుంది, పాతది ఎలాగో కూర్చున్న చోట కొత్తది కూర్చోదు. టైరు పూర్తిగా విప్పెయ్, వైరు బ్రష్షు పట్టుకుని గీకు, తర్వాత ఎమరీ కాగితం. వేలితో తడిమితే గరుకు తగలకూడదు.

దేవనహళ్ళి_తోట
పూర్తిగా విప్పాలా బాబాయ్? మళ్ళీ ఎక్కించడానికి ఇంకో పూట పడుతుంది.

టిల్లర్_బాబాయ్
విప్పాలి. సగం పని చేస్తే ఇంకో మూడు పూటలు పడుతుంది.

వీడియోల_రాజు
ఇంజిన్‌కి కొట్టే స్టార్టింగ్ స్ప్రే లోపలికి కొట్టి నిప్పు పెడితే ఒక్క దెబ్బకి కూర్చుంటుంది అని చాలా వీడియోలు ఉన్నాయి, ఎవరూ చెప్పట్లేదేంటి?

హైవే_మెకానిక్
ఎవరూ చెప్పట్లేదు ఎందుకంటే ఇక్కడ అందరికీ చేతులు కావాలి. ఒకటి, ఇది ట్యూబు టైరు, ఆ పద్ధతికి అర్థమే లేదు, ట్యూబు కాలిపోతుంది. రెండు, ట్యూబ్‌లెస్ అయినా లోపల ఎంత ఆవిరి చేరిందో ఎవరూ కొలవలేరు. కొంచెం ఎక్కువైతే రిమ్ము ఎగురుతుంది. అంటుకోకుండా ఆగినా ఆ ఆవిరి లోపలే ఉండిపోతుంది, రేపు ఎవడో తెలియక ఆ రిమ్ముకి వెల్డింగ్ పెడితే అప్పుడు పేలుతుంది. అసలు టైరు మీద ఉండగా రిమ్ముకి వెల్డింగే పెట్టకూడదు, గాలి తీసేసి ఉన్నా సరే. వేడికి లోపలి రబ్బరు నుంచి వాయువులు పుట్టి బాంబులా తయారవుతుంది.

సర్జాపుర_లేఅవుట్
మా లేఅవుట్‌లో గడ్డి కోసే చిన్న బండి ఉంది, ముందు టైర్లు 15x6.00-6, ట్యూబ్‌లెస్. వాటికి అసలు సమస్య వేరే, గాలి పెడుతుంటే రెండు పక్కల నుంచీ బుస్సున పోతుంది, లోపల ఆగదు. నిప్పు లేకుండానే కూర్చోబెడతాం, చెప్తాను. టైరు చుట్టూ నడుం మీద గట్టి తాడు ఒక వరస కట్టి, తాడుకీ టైరుకీ మధ్య కర్ర దూర్చి మెలి తిప్పాలి. తిప్పుతుంటే నడుం లోపలికి నొక్కుకుని బీడులు రెండూ బయటికి ఉబ్బి రిమ్ముకి తగులుతాయి. వాల్వు పిన్ను తీసేసి కంప్రెసర్ గొట్టం నేరుగా పెడితే గాలి ఒక్కసారిగా ఎక్కువ వెళ్తుంది. బీడు పట్టుకోగానే కర్ర వదిలెయ్యాలి, ఆ తర్వాతే మిగతా గాలి. ట్యాంకు ఉన్న కంప్రెసర్ అయితేనే కుదురుతుంది, కారు సిగరెట్ లైటర్‌కి పెట్టే బుల్లి పంపుకి అంత ఊపు లేదు.

వీడియోల_రాజు
తాడు సంగతి బాగుంది. స్ప్రే మాట వెనక్కి తీసుకుంటున్నా.

టిల్లర్_బాబాయ్
చక్రాల దగ్గర ప్రాణం మీదకి వచ్చేది ఇంకోటి ఉంది, ఇక్కడ టిల్లర్ (వెనక నడుస్తూ తోలే చిన్న దున్నే బండి) వాళ్ళు కూడా చదువుతారు కాబట్టి రాస్తున్నా. బెంగళూరులో టిల్లర్లు చేసే వీఎస్టీ కంపెనీ 1967లో మొదలైంది, మా చుట్టుపక్కల ఊళ్ళలో టిల్లర్ అంటే ముందు గుర్తొచ్చే పేరు అదే, అన్ని చేతులు మారి ఎన్నో పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. టిల్లర్లకీ, చిన్న బండ్ల ముందు చక్రాలకీ కొన్నింటికి రిమ్ము రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో బిగించి ఉంటుంది. చక్రాన్ని ఇరుసు చివర హబ్బుకి బిగించే బోల్టులు వేరు, రిమ్ము ముక్కలు రెంటినీ కలిపే బోల్టులు వేరు. గాలి ఉండగా రెండోవి విప్పితే చివరి బోల్టు దగ్గర రిమ్ము తుపాకీ గుండులా లేస్తుంది. మా ఊళ్ళో ఒకతనికి మోచేయి ఇప్పటికీ సరిగా మడవదు. ఏ బోల్టో అనుమానం ఉన్నా లేకపోయినా, పిన్ను విప్పి గాలి పూర్తిగా పోయాకే పానా చేత పట్టాలి.

సీమ_రైతుబిడ్డ
ఇది తెలియదు నాకు. మా టిల్లర్‌కి రెండు వరసల బోల్టులు ఎందుకా అనుకునేవాణ్ణి. థాంక్స్ బాబాయ్.

దేవనహళ్ళి_తోట
టైరు విప్పాం. బాబాయ్ చెప్పిందే. వాల్వుకి ఎదురుగా, సరిగ్గా బీడు ఆగిన చోటే, గట్టు మీద తుప్పు పొక్కు. అప్పడం మీద బుడగ లేచినట్టు ఉబ్బి ఉంది, గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద ఇనుము గుంట పడింది కానీ చిల్లు పడలేదు. ఇంకోటి, ట్యూబు కూడా అదే చోట మడత పడి ఉంది, మడత మీద తెల్లటి గీత. రేపు పొద్దున గీకి, ఎమరీ కొట్టి, ప్రైమర్ వేసి ఆరబెడతాను. ట్యూబు పనికొస్తుందా?

మల్బరీ_తోట
గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి చూడు, బుడగలు రాకపోతే వాడొచ్చు. పెట్టేటప్పుడు మాత్రం టైరు లోపలా, ట్యూబు మీదా పౌడరు చల్లు, ముఖానికి పూసుకునేదైనా సరే. అప్పుడు ట్యూబు జారి తన చోటికి తను సర్దుకుంటుంది, లేకపోతే ఎక్కడ అంటుకుంటే అక్కడే సాగి మడత పడుతుంది. పెట్టే ముందు ట్యూబులో కాస్త గాలి ఉండాలి, గుండ్రంగా నిలబడేంత, అంతే.

కోలారు_పిల్లోడు
ఎక్కించేటప్పుడు వాల్వు దగ్గర మొదలుపెట్టాలా, ఎదురు పక్క మొదలుపెట్టాలా? మామ వాల్వు దగ్గర మొదలుపెడతాడు.

మల్బరీ_తోట
నేను ఎదురు పక్క మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిస్తాను. చివర్లో వాల్వుని లోపలికి నొక్కితే ట్యూబు పైకి లేచి బీడు కింద నలగకుండా తప్పించుకుంటుంది.

టిల్లర్_బాబాయ్
నేను ముప్పై ఏళ్ళుగా వాల్వు దగ్గరే మొదలు. వాల్వు రిమ్ము చిల్లులో నిలబడితే మిగతా ట్యూబు దారి తప్పదు.

హైవే_మెకానిక్
ఇద్దరి పద్ధతీ నడుస్తుంది, అసలు కిటుకు వేరే ఉంది. రిమ్ము మధ్యలో లోతుగా కాలవలా ఉంటుంది కదా, ఒక పక్క లివర్‌తో లేపుతున్నప్పుడు దానికి ఎదురు పక్క బీడు ఆ కాలవలో దిగి ఉండాలి. అప్పుడే ఇటు పక్క జాగా దొరుకుతుంది. ఎదురు పక్క బీడు పైన గట్టు మీదే ఉంటే భీముడు వచ్చినా ఎక్కించలేడు, బలం పెడితే బీడు తీగ తెగుతుంది, లేదా ట్యూబు నలుగుతుంది. మోకాళ్ళతో ఎదురు పక్క తొక్కి పట్టు, లివర్ ఒక్కో కాటుకి నాలుగు వేళ్ళ మేర మాత్రమే తియ్. చివరి కాటు చేత్తో వచ్చేంత తేలిగ్గా ఉండాలి, రాకపోతే ఎదురు పక్క పైకి లేచిందని అర్థం. ఇంకా ఒకటి, ఆ కాలవ రిమ్ములో సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక అంచుకి దగ్గరగా ఉంటుంది. ఆ అంచు పైకి ఉండేలా పడుకోబెట్టి ఎక్కించు, పని సగం అవుతుంది. గునపం మాత్రం వాడకు, దాని మొన ట్యూబు కోసమే పుట్టింది.

టిల్లర్_బాబాయ్
ఒప్పుకున్నా. మోకాళ్ళ కింద ఒక గోనె సంచి వేసుకోమని కూడా చెప్పు.

సీమ_రైతుబిడ్డ
@దేవనహళ్ళి_తోట విప్పావు కదా, టైరు మీద బాణం గుర్తు ఒకసారి చూసుకో. ట్రాక్టర్ వెనక నిలబడి చూస్తే గుబ్బల కొన పైకి, ఇంటి కప్పులా కనిపించాలి. మాకు ఒకసారి తిరగేసి పెట్టిచ్చారు ఒక షాపులో, వానాకాలం అంతా చక్రం బురదలో తిరగడమే తప్ప ముందుకు పోలేదు. గుబ్బల మధ్య మట్టి బయటికి పోకుండా గారెలా అంటుకుపోయేది.

దేవనహళ్ళి_తోట
అన్నా, మీకు దండం. తిరగేసే పెట్టాం నిన్న. తుప్పు పొక్కు లేకపోయి ఉంటే అలాగే బిగించేసి తోలేవాళ్ళం.

లెక్కల_మాస్టారు
కొత్త టైరు షాపులో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే బీడులు రెండూ దగ్గరకు నొక్కుకుపోయి ఉంటాయి. రాత్రికి రెండు బీడుల మధ్య చెక్క ముక్కలు అడ్డం పెట్టి ఉంచండి, పొద్దున ఓ గంట ఎండలో పెడితే రబ్బరు మెత్తబడుతుంది. బెంగళూరు చలి పొద్దుల్లో రబ్బరు మొండికేస్తుంది.

దేవనహళ్ళి_తోట
ఆదివారం మధ్యాహ్నం, అయిపోయింది. ఇంకా కొత్తగా ఉన్నప్పుడే వివరంగా రాస్తున్నాను. ఎనిమిదికి టైరు ఎండలో పెట్టాం, ఈలోపు రిమ్ము ప్రైమర్ ఆరింది. అమ్మ బట్టల సబ్బు ఇచ్చింది, టాల్కం డబ్బా నాన్నది, సగం ఖాళీ చేశాను. కాలవకి దగ్గరగా ఉన్న అంచు పైకి పెట్టి, బాణం రెండుసార్లు చూసుకుని, ఎదురు పక్క నాన్న మోకాళ్ళతో కాలవలోకి తొక్కి పట్టారు, నేను వాల్వు వైపు ముగించాను. మొన్న గంటన్నర పట్టింది ఇవాళ పావుగంటలో ఎక్కింది, చివరి కాటు నిజంగానే చేత్తో వచ్చింది. వాల్వు నట్టు వదులుగా రెండు చుట్లు మాత్రమే బిగించాను. గొట్టానికి క్లిప్పు పెట్టి, పది అడుగుల దూరంలో గోడ మూల వెనక నుంచి గాలి వదిలాను. 10కి ఆపి చూశాం, మొత్తం గాలి తీసి ట్యూబు సర్దుకోనిచ్చి మళ్ళీ కొట్టాం. 14 దగ్గర మొదటి ఠప్. 22 దగ్గర రెండోది, ఆ మొండి పక్క. నాన్న ఆ చప్పుడుకి చప్పట్లు కొట్టారు. గీత ఇప్పుడు రెండు పక్కలా చుట్టూ ఒకేలా ఉంది, అంచు నుంచి చిటికెన వేలంత దూరం, నాలుగు చోట్ల వేలు పెట్టి చూశాను. తర్వాత మాన్యువల్‌లో వెనక టైర్లకి రాసినంతకి దించేశాను.

హైవే_మెకానిక్
భేష్. 22కి కూర్చుంది చూడు. చక్రం బిగించాక గంట తోలి నట్లు మళ్ళీ బిగించు, మర్నాడు ఇంకోసారి. కొత్త ప్రైమర్ మీద నట్లు కూర్చుంటే పెయింటు నలిగి వదులవుతాయి.

దేవనహళ్ళి_తోట
గంట తోలాం, రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. రేపటిది నాన్నకి అప్పజెప్పాను, పానా ట్రాక్టర్ సీటు కిందే పెట్టాను. ఇంకో ప్రశ్న, బరువు కోసం టైర్లలో నీళ్ళు నింపుతారు కదా, రోటవేటర్‌కి అవసరమా?

టిల్లర్_బాబాయ్
రోటవేటర్‌కి వద్దు, అది తనే బండిని ముందుకి నెడుతుంది. నాగలి కట్టినా, ట్రాలీ లాగినా అప్పుడు ఆలోచించు. నింపితే వాల్వుని పైకి తిప్పి వాల్వు మట్టం దాకానే, ముప్పాతిక, పైన గాలికి చోటు ఉండాలి. మళ్ళీ టైరు విప్పాల్సి వస్తే ఆ నీళ్ళ బరువంతా నీ నడుం మీదే.

దేవనహళ్ళి_తోట
అయితే వద్దు. బస్సు టైమ్ అయింది, మారతహళ్ళి బయల్దేరుతున్నా. అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా మొదటి జవాబుకి.

కోలారు_పిల్లోడు
మామకి మొత్తం చదివి వినిపించాను, ఆ తొమ్మిది టన్నుల లెక్క రెండుసార్లు చదివించుకున్నాడు. ఇన్నాళ్ళూ 50 అన్నది అంచనాయేనట, గేజు ఎప్పుడూ లేదు. మంచి గేజు, లివర్లు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయో అడగమన్నాడు.

హైవే_మెకానిక్
గేజు ఎస్పీ రోడ్డులో, లివర్లు జేసీ రోడ్డులో చూడండి. గేజు 60 వరకు చూపించేదే తీసుకో, 200 దాకా ఉన్న లారీ గేజులో 14కీ 20కీ తేడా ముల్లు మందంలోనే కలిసిపోతుంది. గొట్టం మూడు గజాలకు తక్కువ వద్దు, క్లిప్పు ఉన్నది తెమ్మను.